మేడ వసారాల తీగ కటకటములు

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సంఘ విషయములు చర్చింపవలసిన చోట ఇంటి తీగలను గూర్చి మాట్లాడుచున్నానని నవ్వుకొనకుడు. గడచిన శ్రావణమున మా మేడ వసారాలో నా మేనకోడలి బిడ్డ, నాలుగేండ్లది, కటకటము నానుకొని వీధిలోని పెండ్లి మేళమును చూచుచుండెను. అంతలో రెండవ తీగ బిగింపునుండి ఊడివచ్చెను. తల్లి గౌను పట్టి లాగినది గనుక బిడ్డ దక్కినది. ఇనుప సామగ్రి వ్యాపారము నాది. ఆ తీగ మా దుకాణపుదే. ఇరువదియేండ్లకు చింతలేదని పలికినవాడను నేనే.

కొనను విప్పి చూచితిని. పైన ఏటేటా వేయించిన వెండిరంగు మెరయుచునే యున్నది. లోపల తీగ పొడియై రాలినది. జింకుపూత తాను కరగుచు ఇనుమును కాపాడును. అది తరిగిన పిదప తుప్పు మొదలిడును. బిగింపులో చేరిన వాననీరు త్వరగా ఆరదు గనుక తీగ అచ్చటనే ముందు చెడును. నేను రంగు వేసి ఆ జబ్బును కప్పిపుచ్చితిని.

1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడకముందు, మద్రాసు రాజధాని కాలమున, మన పెద్దలు ఈ కోరాపుట్, రాయగడ ప్రాంతములలో కట్టుకొనిన పెంకుటిండ్లకు వీధి అరుగే వసారా. జారిపడినను మోకాలు దోగుటయే. నేడు అందరివి మేడలే. జూన్ మొదలు సెప్టెంబరు వరకు కొండవాన విడువదు.

2022 అక్టోబరు 30న గుజరాతులోని మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది మరణించిరి. నేలపలకలు మార్చి నాలుగు దినముల క్రిందటనే తెరచిన వంతెన అది. ప్రధాన తీగలోని 49 పోగులలో 22 తుప్పుతిని, అంతకుముందే తెగియుండవచ్చునని విచారణ బృందము తెలిపినది.

ఇప్పుడు నేను మృగశిర కార్తెకు ముందొకమారు, దసరాకు ఒకమారు తీగలను పరీక్షించుచున్నాను. పాత నూలుగుడ్డను తీగ పొడవునా లాగవలెను. గుడ్డ చిక్కిన చోట పోగు తెగినదన్నమాట. వట్టిచేతితో లాగరాదు, కోసుకొనును. పిదప బిగింపులను విప్పి చూడవలెను. విప్పరాని నొక్కుడు బిగింపు వద్ద గోధుమరంగు చార కనబడినచో తీగనే మార్పింపుడు. వదులైన తీగలను బిగించునపుడు నడిమి తీగతో మొదలుపెట్టి, పైకొకటి క్రిందికొకటిగా పోవలెను. ఒక కొననుండి వరుసగా బిగించినచో స్తంభము వంగి మొదటివి మరల వదులగును. బిడ్డ తల దూరకుండ తీగల సందు నాలుగంగుళములకు మించరాదు. చేతితో నెట్టిచూచి మరీ కొలువుడు.

స్టెయిన్‌లెస్ ఉక్కు వేయించుకొనినవారు నిశ్చింతగా నుండవలదు. ఇనుప పీచుతో తోమినచో దాని పొడి అంటుకొని తుప్పు పట్టును. మెత్తని గుడ్డ, సబ్బునీరు చాలును. బ్లీచింగు పొడి తగలనీయరాదు. తడి దుప్పట్లు వాటిపై ఆరవేయరాదు. ఈ విషయమై మా ఇంట జరిగిన వాదము ఇచ్చట చెప్పను.

మా దుకాణమున తీగ కొనిన కుటుంబములు ఈ సభలో పదునొకండు గలవు. వచ్చు ఆదివారము మొదలు నేనే రెంచి పట్టుకొని మీ ఇండ్లకు వచ్చెదను. బిగింపులపై రంగు వేయించియున్నచో ముందుగా గీకియుంచుడు.