వాద్యములకు పనికివచ్చు చెట్లు
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)

తల్లిదండ్రులారా!

మన కాట్టుపల్లి చేలలో ఎఱ్ఱచందనము నాటినచో కొద్ది యేండ్లలోనే లక్షలు వచ్చునని మొక్కలమ్మువారు చెప్పుచున్నట్లు వింటిమి. అందువలన నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఎఱ్ఱచందనము తూర్పు కనుమల దక్షిణ భాగముననే సహజముగా పెరుగును. జపానువారు షామిసెన్ అను మూడు తంత్రుల వాద్యమునకు దండిని ఈ కఱ్ఱతో చేయుదురు. అయితే విలువ యంతయు చేవకే. చేవ పట్టుటకు దశాబ్దములు గడువవలయును. 1995 నుండి దీని వ్యాపారము అంతర్జాతీయ నియమములకు లోబడియున్నది. సొంత పొలమున పెంచినదైనను నఱకుటకు, తరలించుటకు అటవీశాఖ అనుమతి కావలయును. కావున బిడ్డ పెండ్లికి అక్కఱకు వచ్చునని అప్పు చేసి నాటవలదు.

అంతకంటె పనస మేలు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి శిల్పులు ఒకే పనస మ్రానును తొలిచి వీణ చేయుదురు. మృదంగమునకును పనసయే వాడుదురు. కఱ్ఱ తేలిక, నాదము మధురము. మ్రాను ముదురువఱకు పండ్లును, నీడయు, మేకలకు ఆకును లభించును.

నీరు నిలువని గట్టున, గింజ ఎండకముందే, మీ పిల్లలచేత నాటింపుడు. ‘పలా’ అను పేరు వారికి వీథిలో వచ్చును. ‘పనస’ అను పేరు మాత్రము మీరే నేర్పవలయును.