రాగిపూసలలో దాగిన దారము



మేము నేడు మనవి చేయబూనినది రాజుల కథ కాదు, యుద్ధముల కథ కాదు. నిజాంపురా మరమగ్గములపై రేయింబవళ్లు మన చేతులమీదుగా సాగిపోవు నూలుపోగు ఎంత ప్రాచీనమైనదో తెలుపు ఒక చిన్న నిదర్శనము.

అహిల్యానగర్ జిల్లాలో, ప్రవరానదీ తీరమున నేవాసా యను ఊరు కలదు. జ్ఞానేశ్వర మహారాజు జ్ఞానేశ్వరిని చెప్పిన పుణ్యస్థలమదియే. ఆ సమీపముననే ప్రవర గోదావరిలో కలియును. ఆ నీరే బాసర, ధర్మపురుల మీదుగా మన పూర్వుల సీమకు దిగివచ్చుచున్నది. కావున ఆ తీరము మనకు పరాయిది కాదు.

1954–56 నడుమ పుణె దక్కన్ కళాశాలకు చెందిన ఆచార్య హెచ్.డి. సంకాలియా గారును, వారి సహచరులును అచటి మట్టిదిబ్బను త్రవ్వించిరి. 3,000 ఏండ్లకు పూర్వపు పల్లె యొకటి బయల్పడినది. ఆ జనులు రాగి వాడుచున్నను రాతి పనిముట్లను విడువలేదు, ఇనుము నెరుగరు. మరణించిన శిశువును రెండు కుండలలో నుంచి, కుండల మూతులు కలిపి, ఇంటి నేలక్రిందనే పాతిపెట్టెడివారు. బిడ్డను గడప దాటింప కన్నవారికి మనసొప్పలేదు కాబోలు.

అట్టి శిశువొకని మెడలో రాగిపూసల దండ దొరకినది. పూసల లోపల దారపు తునక నిలిచియుండెను. దారము మట్టిలో త్వరగా చివికిపోవును. కాని రాగి చిలుము సూక్ష్మక్రిములను దరిచేరనీయదు గనుక అది దక్కినది. ఏ.ఎన్. గులాటీ గారు దానిని పరీక్షించి, అది పట్టుదారమనియు, అందు పత్తిపీచు కలదనియు 1961లో ప్రకటించిరి. ఘోడ్ నదీతీరపు చాందోలిలో 1960లో జరిగిన త్రవ్వకములందును రాగిపూసలలో దారము లభించినది. అది అవిసెనారతో వడికినది.

ఒక్కసారి ఆలోచింపుడు. ఆ దారము వడికిన వారి పేరు మిగులలేదు. వారాడిన మాట మిగులలేదు. ఆ పోగైనను దైవికముగా మిగిలినది.

మన యిండ్లలో తాతలనాటి రాట్నములు, నాడెలు అటకలమీద చివుకుచున్నవి, కొన్ని వంటచెరకైనవి. తెలంగాణపు ఏ పల్లెనుండి, ఏ యేట, ఏ యిబ్బందిచే బయలుదేరి భివండీ చేరితిమో ఎరిగిన వృద్ధులు ఒక్కరొక్కరే కనుమరుగగుచున్నారు. మన చరిత్రను ఏ రాగి చిలుమును కాపాడదు. ఇంటింట ఒక పుస్తకము తెరచి, పెద్దలు చెప్పినది తెలుగున వ్రాసి యుంచుదము. పాత పనిముట్టు నొక్కదానినైనను పొయ్యిపాలు గానీయక దాచుదము. ఆ పని ఈ వారమే మొదలిడుదురు గాక.