పీనుగ చెప్పే కథ
(ధర్మవరం సభలో చేసిన ప్రసంగ పాఠం)



శవం గురించి మాట్లాడతామంటే కొందరు మొహం చిట్లించినారు. మనకేమి కొత్త? ఊర్లో పీనుగ లేస్తే ముందు కబురొచ్చేది మన వాడకే. డప్పు మనదే, బొంద తవ్వేదీ మనమే. నవ్వూ మనదే. దింపుడు కళ్లం కాడ పాడె దించి చచ్చినాయన చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు గదా. "మెల్లగా పిలవండి సామీ, లేచి కూర్చుంటే మా కూలి ఎవరిస్తారు?" అని గొణిగే డప్పులాయన ఎగతాళి సాహిత్యంలోకి ఎందుకు రాలేదు?

వచ్చిన శవం బేతాళుడిది. 1947లో పుట్టిన చందమామలో దశాబ్దాల తరబడి నెల నెలా విక్రమార్కుడు దాన్ని భుజాన వేసుకుని నడిచినాడు. శంకర్ గీసిన ఆ బొమ్మ చూడకుండా పెరిగిన తెలుగోడు తక్కువ. పాత కథలు ఇరవై అయిదే. అవి అయిపోయినా శవం నోరు మూయలేదు, కొత్తవి రాయించినారు! రాజు శవం మోస్తే సాహసం. మనం మోస్తే వెట్టి.

ఆ పాత కథల్లో ఒకటి చాకలి ఇంటిది. సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉంది. మదనసుందరి మొగుడు ధవళుడు, ఆమె అన్న, ఇద్దరూ అమ్మవారి ముందర తలలు నరుక్కుంటారు. అమ్మవారు కరుణిస్తే ఆ పిల్ల తొందరలో తలలు తారుమారుగా అతికిస్తుంది. మొగుడెవరు? శవం ప్రశ్న ఇది. అవయవాల్లో తల గొప్పది గనక తల ఎవరిదో వాడే మొగుడంటాడు రాజు. చూసినారా, చాకలి పిల్ల తిప్పలకు కూడా తలకాయ పెద్దరికమే తీర్పు! తలలోంచి పుట్టినోళ్లు, పాదాల్లోంచి పుట్టినోళ్లు అన్న పాత లెక్కే. మనమైతే ఆ పాదాల్లో కూడా లేము.

ఇంక హరిశ్చంద్ర. నాటకమంటే ప్రాణమిచ్చే గడ్డ మనది. విషాద సారంగధర రాసిన రామకృష్ణమాచార్యులు (1853-1912) పుట్టింది ఈ ధర్మవరంలోనే. కాటి సీనులో రాజు సొంత పెండ్లాన్నే కాటి సుంకం అడుగుతుంటే జనం ఏడుస్తారు. రాజు కాటికాపరి అయినాడని ఏడుపు. తరతరాలుగా అక్కడే ఉన్న వీరబాహు కోసం ఎవరైనా ఏడ్చినారా? ఆయన వస్తే నవ్వు! విచిత్రమేమంటే ఆ సీనుకు ప్రాణం పోసినవి జాషువా పద్యాలు. అంటరానోడని గెంటిన కవి పద్యం లేకుండా రాజు కాడు కాయలేడు.

నవ్వు ఆగే చోటొకటి ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లు 8 మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో పడేసినారు. ఆ శవాలు మాట్లాడకూడదని పడేసినారు. జనం వాటిని తెచ్చి ఊరి నడుమ పూడ్చి మాట్లాడించినారు. 2007లో ప్రత్యేక కోర్టు ఆ ఊర్లోనే 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు శిక్షపడినోళ్లందర్నీ వదిలేసింది. శవం మళ్లీ చెట్టెక్కింది.

ఈ చుట్టుపక్కల హరిశ్చంద్ర ఆడే తమ్ముళ్లకు మాదొక మనవి. ఈసారి రాజు పద్యాలు రెండు తగ్గించండి, ఒన్స్‌మోర్లు పోతే పోనీండి. వీరబాహుకు పది నిమిషాలివ్వండి. ఎన్ని పీనుగల్ని చూసినాడో, ఎవరెవరు కూలి ఎగ్గొట్టినారో ఆయన్నే చెప్పనీండి.