తీర్మానాల పుస్తకంలో మన మాట ఉందా?

(ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ మన యువతతో మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రాసి పెడుతున్నా.)



డిగ్రీ అయిపోయిన ఏడాది మా కాలనీ తాత ఒకాయన్ని వెంటబెట్టుకొని ఒక ఆఫీసుకి పోయినా. తాతకి ఎకరా సొంత పట్టా భూమి ఉండేది. చేసిన అప్పు కింద దాన్ని వేరే వాళ్ళు రాయించుకున్నారు. "ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది గదా సార్, దాని కింద తాత భూమి ఇప్పించండి" అని అడిగినా. ఆ సారు కాగితం చూసి, "ఆ చట్టం మీ వైపు రాదు బాబూ. చట్టాలు చేసేది మేం కాదు గదా" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 సవరణ, షెడ్యూల్డ్ ప్రాంతంలోనే చెల్లుతాయి. 1996 పెసా చట్టమూ అంతే. నెల్లూరు జిల్లా ఐదో షెడ్యూల్ కిందికి రాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో పది మందిలో దాదాపు ఒకరు ఎస్టీ. యానాదులు ఎక్కువగా ఉండేది ఇక్కడే. మనుషులం ఉన్నాం గానీ మన భూమికి కంచె లాంటి చట్టం లేదు.

మరి చట్టం చేసే చోట మన గొంతు ఉందా? మన రాష్ట్ర అసెంబ్లీలో ఎస్టీలకి ఏడు సీట్లు. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఏడూ ఉత్తరాంధ్ర, గోదావరి వైపే. పార్లమెంటుకి ఉన్న ఒక్క ఎస్టీ సీటు అరకు. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ జనరల్. మైదానంలో ఉండే మనకి చట్టసభలో రిజర్వు సీటు ఒక్కటి కూడా లేదు.

అయితే పంచాయతీలో, మున్సిపాలిటీలో ఉంది. రాజ్యాంగం 243డి, 243టి ఆర్టికల్స్ ప్రకారం జనాభాని బట్టి అక్కడ ఎస్టీలకి సీట్లు కేటాయించాలి. ఉదయగిరి వైపు పంచాయతీల్లో మన వార్డు మెంబర్లని చూస్తున్నాం. వాళ్ళలో చాలామంది పక్కన నిలబడి సంతకం పెట్టి వస్తారు. తప్పు వాళ్ళది కాదు. ఆ కుర్చీతో ఏం చేయొచ్చో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఏం చేయొచ్చు? పంచాయతీకి 29 అంశాలు, మున్సిపాలిటీకి 18 అంశాలు రాజ్యాంగంలో రాసిపెట్టారు. చట్టం చేసే అధికారం వాటిలో లేదు. కానీ 'ఈ చట్టం కావాలి, ఈ చట్టం మార్చండి' అని తీర్మానం చేసి పైకి పంపడానికి అడ్డం లేదు. అమెరికాలో నగరాలు దీన్నే ఒక పనిగా పెట్టుకుంటాయి. రాష్ట్రాన్ని ఏం అడగాలి, కేంద్రాన్ని ఏం అడగాలి అని జాబితా రాసుకుంటాయి. సియాటిల్ నగరానికి ఈ పని కోసమే ఒక ఆఫీసు ఉంది. ఆ నగరం పేరు కూడా ఒక ఆదివాసీ నాయకుడిదే.

అదే సియాటిల్ 2023 ఫిబ్రవరిలో కుల వివక్షని నిషేధిస్తూ నగర చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ ఏడాదే కాలిఫోర్నియా రాష్ట్ర సభల్లో అలాంటి బిల్లు గెలిచింది. అక్టోబర్‌లో గవర్నర్ సంతకం పెట్టకుండా వెనక్కి పంపాడు. బిల్లు ఆగింది గానీ చర్చ ఆగలేదు.

మన దగ్గరి సంగతి చూడండి. 2023 మార్చిలో మన అసెంబ్లీ బోయ, వాల్మీకి కులాల్ని ఎస్టీ జాబితాలో చేర్చమని కేంద్రానికి తీర్మానం పంపింది. ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. 342వ ఆర్టికల్ ప్రకారం జాబితా మార్చేది పార్లమెంటే. కానీ అది మొదలయ్యేది రాష్ట్రం పంపే కాగితంతోనే. కాగితం విలువ పై వాళ్ళకి బాగా తెలుసు. తెలియంది మనకే.

గ్రామసభ మాటకి ఎంత బలం ఉందో నియమగిరి చూపించింది. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఒడిశాలో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ బలం ఇచ్చింది అటవీ హక్కుల చట్టం, 2006. తమ్ముళ్ళూ, ఆ చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతమే కావాలన్న షరతు లేదు. మన ఉదయగిరి కొండల కింద ఊళ్ళకీ వర్తిస్తుంది.

తెలంగాణలో 'మా తండాలో మా రాజ్యం' అని ఏళ్ళ తరబడి అడిగారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. అడిగితేనే వచ్చింది.

ఇక మనం ఏం అడగాలి? నా లెక్కలో మూడు.

ఒకటి, రాష్ట్రాన్ని. భూమి రాష్ట్ర జాబితాలో ఉంది. మైదాన ప్రాంత ఎస్టీల పట్టా భూమి ఇతరుల చేతికి పోకుండా చట్టం చేయమందాం. అసైన్డ్ భూమికి 1977 చట్టం కాపు ఉండేది. 2023లో దాన్ని సవరించి 20 ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. అప్పుల్లో ఉన్న యానాది అమ్ముకోవడం హక్కా, గత్యంతరం లేకా? ఆలోచించండి.

రెండు, మళ్ళీ రాష్ట్రాన్నే. మన కాలనీలకి విడిగా సభ పెట్టుకొనే హక్కు పంచాయతీరాజ్ చట్టంలో రాయమందాం. ఊరి సభలో మన ఆడోళ్ళు నోరు తెరవలేరు. మన కాలనీలో తెరుస్తారు.

మూడు, కేంద్రాన్ని. పెసా లాంటి చట్టం మైదానంలో మనం ఎక్కువగా ఉన్న ఊళ్ళకీ కావాలందాం.

ఎట్లా అడగాలి? 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. రోడ్లు, కాలవలు, ఉపాధి పనులు మాట్లాడుకున్నారు. మంచిదే. ఈసారి సభకి మనం రాసిన కాగితంతో పోదాం. ఏ చట్టం, ఏం మారాలి, ఎందుకు మారాలి, అంతా ఒక్క పేజీలో. చదివించండి. చేతులెత్తించండి. తీర్మానాల పుస్తకంలో రాసిందాకా కదలొద్దు. నకలు అడిగి తీసుకోండి. ఆత్మకూరు వాళ్ళు మీ కౌన్సిలర్ దగ్గరికి పోయి కౌన్సిల్ అజెండాలో పెట్టించండి. నకళ్ళు ఎమ్మెల్యేకి, ఎంపీకి, రాష్ట్ర గిరిజన సలహా మండలికి, జాతీయ ఎస్టీ కమిషన్‌కి పంపండి. ఎంపీ తన సొంతంగా కూడా బిల్లు పెట్టొచ్చు. ఆ మాట ఆయనకి గుర్తుచేయండి.

ఒక్క ఊరి తీర్మానం చెత్తబుట్టలో పోవచ్చు. యాభై ఊళ్ళవి పోవు.

మన తాతల్ని నేరస్తుల జాతుల చట్టం కింద పెట్టిన రోజు వాళ్ళని ఎవరూ అడగలేదు. మన మీద చట్టం వచ్చింది, మన నుంచి రాలేదు. ఇప్పుడు చదువుకున్నాం. 'చట్టం చేసేది మేం కాదు' అని ఆ సారు అన్నాడు. సరే సార్, చేసే వాళ్ళకి రాస్తాం. తాత ఇంకా ఉన్నాడు. మొదటి వేలిముద్ర ఆయనదే.

జై ఆదివాసీ. జై భీమ్.