ఊరి పేరుకు గెజిటే ఆధారం



మన నంగునూరు 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా నుండి సిద్దిపేట జిల్లాకు మారింది. ఊరు కదలలేదు, గెజిట్ ప్రకటన మారింది. అంతకు ముందు ఆగస్టు 22న ముసాయిదా వెలువరించి, అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువిచ్చారు.

ప్రజల నోట తరతరాలుగా నిలిచినా, ప్రభుత్వ ప్రకటనతోనే పేరుకు చట్టబద్ధత. పేర్లు మార్చే కమిషన్ కోరిన పిటిషన్‌ను 2023 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాని అదే నెలలో ఔరంగాబాదు పేరు మార్పునకు కేంద్రం అనుమతించింది. కనుక ఆ తీర్పు ఊరటే తప్ప రక్షణ కాదు.

మన వాడలు, ఖబరస్తాన్‌లు రికార్డులలో ఏ పేరుతో ఉన్నాయో ఇప్పుడే చూసుకుందాం. ముసాయిదా వెలువడితే గడువులోగా లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలుపుదాం. గడువు దాటాక ఎంత వాపోయినా ఫలితం స్వల్పం.