జుట్టు ఊడిన చోట చర్మం చూడండి
(మండల సమాఖ్య మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు అందరూ చెప్పారు. మేము జుట్టు గురించి నాలుగు మాటలు చెప్తాం. మా సంఘంలో ఒక అక్కకు నడినెత్తిన రూపాయి బిళ్లంత జుట్టు పోయింది. పేనుకొరుకుడు అనుకుని ఇంట్లోవాళ్లు గురివింద గింజ నూరి రాశారు. ఏడాదికి అది అరచెయ్యంత అయింది.

కాన్పు తర్వాత, జ్వరం తర్వాత, రక్తం తక్కువై రాలే జుట్టుకు కుదుళ్లు బతికే ఉంటాయి. పేనుకొరుకుడులోనూ అంతే. కానీ ఇంకో రకంలో లోపల వాపు వచ్చి కుదురే చచ్చిపోతుంది, ఆ చోట మచ్చ కడుతుంది. అక్కడ మళ్లీ జుట్టు రాదు. అందుకే ఆలస్యం చేయకూడదు.

చర్మ డాక్టరు ముందు తల చూస్తారు. చర్మం నున్నగా మెరుస్తోందా, వెంట్రుక రంధ్రాలు కనిపిస్తున్నాయా, వెంట్రుకల చుట్టూ ఎరుపు, పొట్టు ఉన్నాయా, మంట, దురద ఉన్నాయా అని. చిన్న భూతద్దం లాంటి పరికరంతో కూడా చూస్తారు. నోరు, గోళ్లు, ముఖం, చెవులు కూడా చూస్తారు, ఎందుకంటే కొన్ని జబ్బులు అక్కడా కనపడతాయి.

తర్వాత ముక్క పరీక్ష. మా అక్క "తల కోస్తారా, క్యాన్సరా?" అని ఏడ్చింది. అదేం కాదు. మత్తు సూది వేసి, సుమారు 4 మిల్లీమీటర్ల ముక్క, అంటే పెసరగింజంత తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడతాయి. పూర్తిగా బోడి అయిన మధ్యలో కాకుండా, ఎరుపు ఉండి ఇంకా వెంట్రుకలున్న అంచున తీస్తారు. మధ్యలో పాత మచ్చే ఉంటుంది, జబ్బు ఏదో తెలియదు. ఏ రకం కణాలు కుదురును తింటున్నాయో ఆ ముక్కలో తెలుస్తుంది, దాన్నిబట్టి మందు మారుతుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి.

అక్కకు పోయిన జుట్టు రాలేదు. కానీ మందు మొదలుపెట్టాక మచ్చ పెరగడం ఆగింది.

అక్కలారా, ప్రతి గ్రామ సంఘం సమావేశంలో ఈ మాట చెప్పండి. ఊడిన చోట నున్నగా ఉన్నా, మంట పుట్టినా, నూనెలు, పసర్లు ఆపి డాక్టరుకు చూపించండి. దారి ఖర్చులకు లేకపోతే సంఘంలో అడగండి. జుట్టుకి అప్పేంటి అని ఎవరూ అనొద్దు.