పచ్చవాతానికి అమెరికా సూది



పచ్చవాతం అంటే ఏమిటో మీకు తెలుసు. రాత్రి బాగానే పడుకున్న మనిషికి పొద్దున లేచేసరికి ఒక పక్క కాలు, చేయి పడిపోతాయి. మూతి వంకర పోతుంది. మాట తడబడుతుంది. కాని దెబ్బ తగిలింది చేతికి కాదు, మెదడుకు. మెదడులో రక్తనాళం పూడుకుపోతుంది, లేదా పగులుతుంది. అక్కడికి నెత్తురు అందదు. ఆ భాగం చచ్చిపోతుంది.

ఏండ్లు గడిచినా చేయి లేవకపోతే ఇంటివాళ్లు ఊరుకోలేరు. పావురం నెత్తురు పూస్తే తగ్గుతుందని మన దిక్కు ఒక మాట ఉంది. ఇప్పుడు ఫోన్లో ఇంకో మాట వస్తున్నది. "అమెరికాలో ఒక్క సూది ఏస్తే పడిపోయిన చెయ్యి లేస్తదట!"

ఆ సూది మందు పేరు ఎటనర్‌సెప్ట్. మందు దొంగది కాదు. కీళ్లవాతానికి వాడేందుకు అమెరికా ప్రభుత్వం 1998లో ఒప్పుకున్నది. కీళ్లలో వాపును తగ్గిస్తుంది. పచ్చవాతం వచ్చినవాళ్ల మెదడులో కూడా వాపు ఏండ్ల తరబడి ఉంటుందని అక్కడ ఒక డాక్టరు అనుకున్నాడు. మెడ వెనక సూది వేసి, తల కిందికి వంచి పడుకోబెట్టేవారు. వేలాది డాలర్ల ఖర్చు. కొందరు లేచి నడిచారని వీడియోలు వచ్చాయి.

మరి నిజమేనా? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డాక్టర్లు పరీక్ష పెట్టారు. పచ్చవాతం వచ్చి ఏడాది నుంచి 15 ఏండ్లు అయిన 126 మందిని తీసుకున్నారు. కొందరికి అసలు మందు వేశారు. మిగతావాళ్లకు మందు లేని ఉత్త సూది వేశారు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. 28 రోజులకు అడిగారు. మందు పడినవాళ్లలో నూటికి 53 మంది బాగుందన్నారు. ఉత్త సూది పడినవాళ్లలో నూటికి 58 మంది బాగుందన్నారు! ఈ సంగతి 2025లో అచ్చయింది.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆశ పుడితే మనిషి చేయి ఇంకొంచెం గట్టిగా కదుపుతాడు. మంచిరోజు కూడా ఉంటుంది. మన దిక్కు సూది అంటే మహా నమ్మకం. గోలీ ఇస్తే చిన్న డాక్టరు, సూది వేస్తే పెద్ద డాక్టరు! కాని ఉత్త సూదితో వచ్చే ఆశ కోసం రెండెకరాలు అమ్ముకుంటారా? పైగా ఈ మందు ఒంట్లో రోగాన్ని ఆపే శక్తిని తగ్గిస్తుంది. దాగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు.

"అయితే ఇంక ఏ సూదీ లేదా?" ఉన్నది. కాని అది మొదటి గంటల్లోనే. నాళం పూడుకుపోయి వచ్చిన పచ్చవాతమైతే, నాలుగున్నర గంటల లోపల గడ్డను కరిగించే మందు ఎక్కించవచ్చు. ముందు తలకు స్కానింగు తీయాలి. మూతి వంకర పోయిందా, చేయి జారిపోతున్నదా, మాట ముద్దగా వస్తున్నదా? వెంటనే 108కి ఫోన్ చేయాలి. పావురం కోసం వెతికితే ఆ గంటలు పోతాయి.

పాత పచ్చవాతానికి కసరత్తే మందు. ఫిజియోథెరపీ వాళ్లు చూపినట్టు రోజూ చేయించాలి. బీపీ గోలీలు మానొద్దు. బీడీ, చుట్ట మాన్పించాలి. పడిపోయిన చేయి పట్టుకుని గుంజి లేపొద్దు, భుజం జారుతుంది. అంగీ తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి తొడగాలి. విప్పేటప్పుడు ఆ చేయి ఆఖరుకు.